చల్లని ముద్ర

భార్య వేలిముద్రను గవరయ్య మొదటిసారి చూసింది అద్దం పెట్టెలో.

ముప్పై ఏళ్లుగా ఆ ముద్ర మీద కోపంతోనే బతికాడు గానీ, అది ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఆ కాగితం ఇన్నాళ్లూ తెల్లేరు అవతల, ఎగునాడు సర్కారు దస్తావేజుల గదిలో ఉంది. ఆ ఉదయమే పరాయి దేశపు సిపాయిల కాపలాతో ఏరు దాటి ఇవతలి దిగునాడుకొచ్చింది. ప్రయోగశాలలో పొడవాటి బల్ల మీద, దళసరి అద్దం కింద ఉంది.

గోధుమరంగుకు తిరిగిన కాగితం. పైన ఎగునాడు రాజముద్ర. నీలివలస గ్రామం, ఏటిగట్టు నువ్వుచేను, నాలుగు హద్దులు, 'నా మనఃపూర్వక సమ్మతితో విక్రయించితిని' అనే ముక్క. ఆ కింద నల్లగా ఒక బొటనవేలు. వేలికి అడ్డంగా సన్నని తెల్లగీత.

"అదే," అన్నాడు గవరయ్య. "అసిరిదే. ఎడం సెయ్యి. నువ్వుకోతల్లో కొడవలి తెగింది. నానే గుడ్డ కట్టేను."

"మీరు గుర్తుపట్టినట్టు రాసుకోమంటారా?" అంది డాక్టర్ హైమవతి. ఆ ప్రయోగశాల ఆవిడదే, యంత్రమూ ఆవిడదే.

"రాసుకోండి. ఇంకోటి కూడా రాసుకోండి. దానికి సంతకం వచ్చు."

గవరయ్య ఊరి బడిలో ఐదు దాకా చదివాడు. పెళ్లయిన ఏడాది చేటలో ఇసుక పోసి, వేలు పట్టుకుని భార్యకు అసిరమ్మ అని ఆమె పేరు దిద్దించాడు. నాలుగక్షరాలు. 'సి' మీద గుడి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా గొడుగంత పెట్టేది. వచ్చాక ఇక ఆగలేదు. రేషను పుస్తకం మీద రాసింది, గాదె మీద బొగ్గుతో రాసింది, పొయ్యిలో బూడిద మీద కూడా రాసింది. అలాంటి మనిషి, ఊరు ఊరంతా నిలబడి ఉండగా, శత్రువు కాగితం మీద రాయడం రాని నిశానీదానిలా వేలు వేసింది. అదీ అందరికన్నా ముందు.

అతను అప్పుడు అక్కడ లేడు. ఎగునాడు వాళ్ల రాతిగనిలో ఖైదీగా బండలు కొడుతున్నాడు. విడిచిపెట్టాక వచ్చి చూస్తే, అసిరమ్మ ఏరు దాటిన పంతొమ్మిదో రోజున జ్వరంతో పోయిందని చెప్పారు. అడగడానికి మనిషి లేదు. అందుకే కోపం అలాగే ఉండిపోయింది.

యుద్ధంలో ఎగునాడు ఏటిపట్టున పదిహేడు ఊళ్లు మింగింది. మింగాక మూతి తుడుచుకుంది. ఊరూరా గుడారం వేసి, జనాన్ని వరసగా నిలబెట్టి, అమ్మకపు కాగితాల మీద వేళ్లు వేయించింది. మేం ఆక్రమించలేదు, కొనుక్కున్నాం అని ఇప్పటికీ అంటోంది. ఈ తగవు తీర్చడానికి మూడు పరాయి దేశాల న్యాయమూర్తులు సభగా కూర్చుని, రెండు పక్షాలనూ ఒక మాటకు ఒప్పించారు. ఊరికొక కాగితం, మొదట రాయించుకున్నది, హైమవతి యంత్రం మీద చదవాలి. భయంతో వేసిన ముద్ర అని తేలితే ఊరు వెనక్కి. ఇష్టంతో వేసిందని తేలితే ఊరు ఎగునాడుదే, ఇక ఎప్పటికీ.

నీలివలస మొదటి కాగితం అసిరమ్మది.

"ఏలు సూసి మనసెలా సెప్తాది డాక్టరమ్మా, మీ మిషను?"

"చెబితే మీరు నమ్మరు. బొటనవేలు ఇలా ఇవ్వండి."

ఒక కాగితం మీద అతని చేత ముద్ర వేయించింది. రెండో కాగితం తీసింది. వేలు కాగితం మీద ఆనుతుండగా వెనక గదిలోంచి ఒక ఈల మోగింది. పొడుగ్గా, చివర విరిగినట్టు. రాతిగనిలో తెల్లారగట్ల మోగిన ఈల అది. గవరయ్య వెనక్కి తిరగలేదు. వేలు నొక్కి తీశాడు.

హైమవతి రెండు కాగితాలనూ యంత్రంలో పెట్టింది. మందు మంచులా దిగింది. మొదటి ముద్ర మెల్లగా నీలంగా వెలిగింది. రెండోది రక్తంలా ఎర్రబడింది.

"నాను బయపళ్లేదు," అన్నాడు గవరయ్య.

"మీరు పడలేదు. మీ వేలు పడింది." నవ్వలేదావిడ. "భయపు చెమట వేరు, మామూలు చెమట వేరు. ఇంకు కింద ఇంకిపోయి ఎన్నేళ్లయినా ఉంటుంది. ఎర్రగా వస్తే వేడి ముద్ర అంటాం. నీలంగా వస్తే చల్లని ముద్ర. చల్లనిదైతే ఇష్టంతో వేసినట్టు."

చల్లని అనే మాట గవరయ్యకు గుచ్చుకుంది. నీలివలసలో చల్లని చెయ్యి అంటే వేరు. విత్తు వేస్తే మొలిచే చెయ్యి, బిడ్డను పడితే బతికే చెయ్యి. అసిరమ్మది చల్లని చెయ్యి అని ఊళ్లో ఎవరి చేలో విత్తు వేసినా తొలిచెయ్యి ఆమె చేత వేయించేవారు. మొదటి దోసెడు ఆమె చల్లితేగాని రెండో మనిషి చేలో దిగేవాడు కాదు.

అతను మళ్లీ తన కాగితాల వైపు చూశాడు. రెండిటి మీదా ముద్ర లేదు. కోడిగుడ్డంత తెల్లటి మచ్చ మిగిలింది.

"ముద్రేదీ?"

"చదివితే కరిగిపోతుంది. రెండోసారి ఉండదు. అందుకే దగ్గరివాళ్ల ఒప్పుదల అడుగుతాం." హైమవతి గొంతు తగ్గించింది. "ఆవిడ ఫోటో ఏమైనా ఉందా మీ దగ్గర?"

లేదు. ఇల్లు తగలబడింది. ఏరు దాటేటప్పుడు కట్టిన చీర చితిలోకే పోయింది. అసిరమ్మ అనే మనిషి ఈ భూమ్మీద ఉండేదనడానికి మిగిలింది ఈ వేలే.

"ఒకపాలి ముట్టుకుంటాను."

"వద్దండీ. మీ చెమట అంటితే సభ ఒప్పుకోదు."

అలా అంటూనే ఆవిడ అద్దం పెట్టెను తిప్పింది. కొడవలి గాటు గవరయ్య కళ్లెదురుగా వచ్చేలా సర్దింది. తర్వాత కిటికీ దగ్గరకు పోయి, అతను చాలు అనేదాకా బయటికి చూస్తూ నిలబడింది. ఆ మేలు గవరయ్య మరిచిపోలేదు. అతను మరిచిపోయే మనిషి కాడు, మేలైనా కీడైనా.

*

కాందిశీకుల కాలనీకి తాత్కాలిక కాలనీ అని పేరు. రేకుల షెడ్లు, షెడ్డుకి నాలుగు కుటుంబాలు. ముప్పై ఏళ్లుగా తాత్కాలికమే.

మర్నాడు పొద్దున్న గవరయ్య అంబలి తాగుతుంటే ఎదురింటి సూరీడమ్మ గట్టు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అరవైకి దగ్గరపడిన మనిషి, నోరు మాత్రం పడుచుదే.

"ఏం మరిదీ, మీ ఇంటిదాని ఏలు ఏటంతాది? నోరిప్పిందా?"

"రేపు."

"ఒలప్పా! ఏసినప్పుడు ముందేసింది. సెప్పడానికి మాత్రం రేపా?"

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు నవ్వారు. గవరయ్య గిన్నెలోకి చూస్తూ తాగాడు. ఇంకెవరన్నా ఆ మాటంటే అంబలి మొహాన కొట్టేవాడే. సూరీడమ్మను ఏమీ అనలేడు. అసిరమ్మ పోయాక, తల్లిలేని మూడునెలల పిల్లకు కాలనీలో ఏడుగురు ఆడవాళ్లు వంతులేసుకుని పాలిచ్చారు. అందరికన్నా ఎక్కువ ఇచ్చింది సూరీడమ్మ. తన కొడుక్కి ఒక రొమ్ము, ముత్యాలుకి ఒకటి. ఆ ఏడుగురి పేర్లూ గవరయ్య రోజూ మొదటి గుక్క ముందు మనసులో అనుకుంటాడు. అనుకోకుండా తాగడు. దండం అంటే అతనికి తెలిసింది అదే.

ఆ ముత్యాలుకి ఇప్పుడు ముప్పై. మొగుడు రేవులో కూలికెళ్లాడు. ఐదు నెలల ఆడపిల్ల ఒళ్లో ఉంది.

"ఒప్పుకోకు అయ్యా," అంది ముత్యాలు. "అమ్మ మొహం నాకెలాగూ తెలీదు. ఏలు ఒక్కటే ఉంది. అదీ చెరిపేస్తావా?"

"మూడొందల ఇళ్లు ఆ ఏలు మీద ఉన్నాయే."

"అది భయంతో వేసిందంటే కదా ఊరొచ్చేది. ఇష్టంతో వేసిందని నువ్వే అంటావు పుట్టిన కాడ్నుంచీ. మరి దేనికి చదివించడం?"

నిజానికి గవరయ్యకు ఊరు కావాలి. అంతకన్నా, తాను ముప్పై ఏళ్లూ తప్పు మోసానని ఎవరైనా చెబితే వినాలని ఉంది. ఆ మాట కూతురితో అనడానికి నోరు రాలేదు.

"రేపు నువ్వూ రా. సూద్దువు గాని," అని లేచి, ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టాడు.

*

ముత్యాలు అద్దం పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. పిల్లను భుజాన వేసుకుని, ఎడమ బొటనవేలు తెచ్చి, అద్దం మీద సరిగ్గా ఆ ముద్ర పైన ఆనించింది. ఎవరూ వద్దనలేదు. తర్వాత పోయి గోడవార బల్ల మీద కూర్చుంది.

ఎగునాడు ప్రతినిధి వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. చేతిలో నోటు పుస్తకం. సభ తరఫున ఒక పరిశీలకుడు కుర్చీ వేసుకున్నాడు.

హైమవతి మీట నొక్కింది. మందు మంచు దిగింది. ముద్ర అంచుల్లో మొదట ఏదో మెరిసింది. అది లోపలికి పాకింది. గీత గీతా వెలిగింది, కొడవలి గాటు చుట్టూ కూడా.

నీలం. తెల్లేరు మీద పొద్దుటిపూట రంగు.

"చల్లని ముద్ర," అన్నాడు ప్రతినిధి, రాసుకుంటూ. "మనఃపూర్వక సమ్మతి. ధన్యవాదాలు డాక్టర్ గారూ."

వెలుగు ఆరింది. కాగితం మీద తెల్లమచ్చ మిగిలింది. అసిరమ్మ ఇక ఎక్కడా లేదు. ఊరూ పోయింది. గవరయ్య నవ్వాడు, ఏడవడం చేతగాక.

"నాకు ముందే తెల్సు. సంతకం వచ్చినది ఏలేసిందంటేనే తెల్సు."

హైమవతి తెర మీద మిగతా జాబితా చదవడం మొదలుపెట్టింది. వేలి మీద ఉన్నవన్నీ చదివి రాయాలని నియమం. "నువ్వుల నూనె. దీపపు మసి. ఏటి ఒండ్రు. చనుబాలు..."

"అవి అవసరం లేదు కదా," అన్నాడు ప్రతినిధి.

"నియమం," అంది హైమవతి.

అదే సమయానికి పరిచారిక హాజరు పుస్తకం పట్టుకుని ముత్యాలు దగ్గరకెళ్లింది, వచ్చినవాళ్లు సంతకం చేయాలని. ముత్యాలు పిల్లకు పాలిస్తోంది. కుడిచేతి మడతలో పిల్ల తల. కలం అందుకోబోయింది. పిల్ల రొమ్ము వదిలి కేర్‌మంది. మళ్లీ దగ్గరికి లాక్కుంది.

"ఇది వదల్డం లేదండీ," అంది ముత్యాలు నవ్వుతూ. "ఆగుతారా, లేకపోతే ఏలేసీమంటారా?" అని ఎడమచెయ్యి చాపింది.

గవరయ్య ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయాడు. ముత్యాలు పది పాసయింది. కాలనీలో అందరి దరఖాస్తులూ రాసిపెట్టేది అదే.

"డాక్టరమ్మా. ఏ పాలన్నారు?"

"తల్లిపాలండీ. పాలిస్తూ ఉండగా వేసిన ముద్ర."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. "ఎడంచేత్తో రాయడం రాదు అసిరికి. కుడిచేతిలో పిల్ల ఉన్నాది. దించలేదు. అందుకు ఏలేసింది."

"అయి ఉండొచ్చు," అన్నాడు ప్రతినిధి. "అంతమాత్రాన భయపడిందని అర్థం కాదు. ముద్ర చల్లగా వచ్చింది."

"నా కూతురి ముద్ర తీయండి," అన్నాడు గవరయ్య హైమవతితో. "ఒట్టి చేతుల్తో ఒకటి. పిల్లకి పాలిస్తా ఒకటి. నాకు ఈల మోగించారే, అలాగ."

"ఆవిడ దేనికి భయపడుతుంది?"

"ఏటిగట్టు సైరనుకి," అంది ముత్యాలే. పదేళ్ల వయసు దాకా అవతలి గట్టు నుంచి గుండ్లు పడేవి. సైరను మోగితే గోతిలో దూకాలి. ఇప్పటికీ రేవులో ఓడ కూత వినబడితే ఆమె చేతిలో గిన్నె జారిపోతుంది.

గవరయ్య మనవరాలిని ఎత్తుకున్నాడు. హైమవతి పాత దాఖలాల్లోంచి ఆ సైరను వెతికి తీసి మోగించింది. ముత్యాలు వేలు కాగితం మీద గడగడలాడింది. ముద్ర ఎర్రగా వచ్చింది, తండ్రి ముద్రకన్నా ఎర్రగా.

తర్వాత పిల్లను తీసుకుని పాలు పట్టింది. మళ్లీ సైరను మోగింది. పిల్ల ఉలిక్కిపడింది. ముత్యాలు దాని మీదికి ఒంగి, మెడ చుట్టూ చెయ్యి బిగించి, ఎడమవేలు చాపి నొక్కింది.

నీలం.

హైమవతి నమ్మలేదు. మూడుసార్లు చేయించింది. మూడుసార్లూ నీలమే.

"బయమేసిందా ముత్తేలూ?" అన్నాడు గవరయ్య.

"ఏసింది అయ్యా. పీకదాకా ఏసింది."

"మరి నీలం ఎందుకొచ్చింది?"

"నేను బయపడితే ఇదీ బయపడతాది కదా," అంది ముత్యాలు, అదేం ప్రశ్న అన్నట్టు.

ప్రతినిధే ముందు తేరుకున్నాడు. "అంటే మీ యంత్రం తప్పు చెబుతుందని తేలింది. అలాగైతే ఇప్పటిదాకా చదివిన ఊళ్లన్నిటి ఫలితాలూ కొట్టేయమని కోరతాం."

హైమవతి కుర్చీలో కూలబడింది. పన్నెండేళ్లు పట్టింది ఆ యంత్రానికి. నీలివలసకు ముందు పదకొండు ఊళ్లు చదివింది. తొమ్మిది ఎరుపు, రెండు నీలం. ఆ రెండూ ఆడవాళ్ల ముద్రలే. ఆ రెండు ఊళ్ల కాగితాల మీదా తన చేత్తోనే 'సమ్మతి' అని రాసి పంపింది. ముద్రలు కరిగిపోయాయి. ఆమె అల్మరా తీసి ఆ రెండు జాబితాలూ బల్ల మీద పరిచింది. చూపుడువేలితో కిందికి పోయింది. రెండిట్లోనూ ఉంది చనుబాలు అనే మాట. అవసరం లేని ముక్క అనుకుని దాటేసింది అప్పుడు.

"రాసుకోండి," అంది పరిశీలకుడితో. "యంత్రం తప్పు చెప్పలేదు. వేలు చల్లగానే ఉంది. చల్లగా ఉంటే ఇష్టమని పేరు పెట్టింది నేను. ఆ పేరు తప్పు. సభకు నేనే వచ్చి చెబుతాను."

తర్వాత గవరయ్యకేసి తిరిగింది. "నా మాటొక్కటే చాలదు. ఆ రోజు ఆ గుడారంలో ఉన్న మనిషి ఎవరైనా బతికున్నారా?"

*

సూరీడమ్మ మళ్లీ చింతపండు ముందే ఉంది. గవరయ్య వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ముత్యాలు పిల్లతో వెనక నిలబడింది.

"ఏటొచ్చింది మరిదీ?"

"సల్లగొచ్చింది."

యంత్రం భాష సూరీడమ్మకు తెలియదు. ఆమెకు ఊరి భాషే తెలుసు. చేతిలో చింతబొట్ట అలాగే ఉండిపోయింది.

"సల్లగా కాక ఎలాగొస్తాది," అంది. "అసిరి సెయ్యి ఎప్పుడూ సల్లనే." అని కొంగు నోట్లో కుక్కుకుంది.

"పాలిస్తా ఏసిందంట. గుడారంలో నువ్వున్నావా ఒదినా?"

సూరీడమ్మ చింతబొట్ట పక్కన పెట్టింది. మాట్లాడ్డం మొదలెట్టాక ఆగలేదు.

"పసిపిల్లల తల్లుల్నే ముందు తోలీసినారు లోపలికి. పద్నాలుగు మందిమి. పిల్లల్ని బల్లమీద పెట్టి కలం పట్టుకోండన్నాడు ఎగునాడు ఆపీసరు. పక్కూర్లో పెట్టినోళ్లకి తిరిగివ్వలేదని మాకు తెల్సు. ఎవులూ కదల్లేదు. ఎండెక్కిపోతన్నాది, పిల్లలు గుక్కపట్టి ఏడుస్తన్నారు. ఆకరికి ఒక మాటన్నాడు. ఒకలు ముందేసినా సాలు, మిగతా తల్లుల్ని పిల్లల్తో ఒగ్గేస్తాం అన్నాడు. ముందేసిందాని పేరే పుస్తకంలో పైన ఉంటాది, ఊరందరి సేతా దాని పేరు సెప్పే ఏయిస్తాం అన్నాడు. అప్పుడు లెగిసింది అసిరి. ముత్తేలు నోట్లో రొమ్ము తియ్యకుండానే లెగిసింది. దానికి రాత వచ్చని ఆడికీ తెల్సు. పిల్లని దించి సంతకం పెట్టన్నాడు. దించనంది. దించనంటే దించనంది. ఎడం సెయ్యి సాపింది." ఆమె ముక్కు తుడుచుకుంది. "నా కొడుకు నా సంకలోనే బయటికొచ్చాడు."

"మరి ముప్పై ఏళ్లు అలాగన్నావేం?"

"ఈ గట్టుకొచ్చాక అందరూ అడిగేరు, అసిరి ముందెందుకేసింది అని. ఎందుకేసిందో సెప్తే, మా పద్నాలుగు మంది పిల్లల కోసం ఊరు పోయిందంతారు. రాళ్లేస్తారు. అది సచ్చిపోయింది కదా అని తప్పంతా దాని మీదే ఏసి సెప్పీసినాం. ఒకపాలి సెప్పినాక ఇంక తిప్పలేకపోయేను. ఎప్పుడన్నా ఊరుకుంటే నిజం బయటికొచ్చెస్తాదని, రోజూ అనీదాన్ని."

ముత్యాలు పిల్లను గట్టిగా అదుముకుంది. గవరయ్య లేచి నిలబడ్డాడు. నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"నీ పాలకి దండం ఒదినా. బతికున్నంత కాలం పెడతాను. నీ నోటికి మాత్రం కాదు."

సూరీడమ్మ తల దించుకుంది. "సభలో సెప్పమంటావా?"

"సెప్పాల."

*

చెప్పింది. ఆమె చెప్పాక ఇంకో నలుగురు ముసలాళ్లు నోరు విప్పారు. ఎగునాడు ప్రతినిధి మూడు రోజులు వాదించాడు. చల్లని ముద్ర అంటే సమ్మతి అనే నియమాన్ని సభ కొట్టేసింది. ఎర్రనివి ఎర్రనివే అంది. నీలివలస రెండో కాగితం, ఒక మగవాడిది, చదవమంది. అది నిప్పులా వచ్చింది.

ముందు పోయిన రెండు ఊళ్లలో ఒకదాన్ని మళ్లీ విచారణకు తీసుకున్నారు. రెండోదానికి సాక్షి అనేవాళ్లు మిగల్లేదు. ఆ ఊరు పోయింది. హైమవతి ఆ ఊరి పేరు కాగితం మీద రాసి యంత్రానికి అతికించింది. దాన్ని ఎవరినీ తీయనివ్వదు.

సభ ముగిసిన రోజు ప్రతినిధి గవరయ్య వైపు చెయ్యి చాపాడు. గవరయ్య తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. రాతిగని, గుడారం, బల్ల మీద పెట్టమన్న పిల్లలు, అవి మాపే మందు ఏ యంత్రంలోనూ లేదు. హైమవతి దగ్గరికి మాత్రం తనే వెళ్లాడు.

"ఆ రోజు అద్దంపెట్టె తిప్పేరు కదమ్మా, గాటు కనిపించేలాగ. మీ కడుపు సల్లగుండ."

ఆవిడ సొరుగులోంచి అసిరమ్మ కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. సభకు దానితో పనిలేదు. అమ్మకం చెల్లదు, ముద్ర లేదు. తెల్లమచ్చ ఉన్న పాత కాగితం.

ఎండాకాలం మొదట్లో నీలివలస వాళ్లు ఏరు దాటారు. పొలాల నిండా ఎగునాడు వాళ్లు వేసిన సరుగుడు. నరికి, మోళ్లు పెకలించేసరికి వేసవంతా పోయింది. తొలకరి పడగానే ఏటిగట్టు చేను ముందుగా దున్నారు. ఎవరూ చెప్పకుండానే జనమంతా గట్టు మీద చేరారు. తొలిచెయ్యి ఎవరిదన్న ప్రశ్న రాలేదు. అందరూ ముత్యాలు వైపు చూశారు.

గవరయ్య చొక్కా జేబులోంచి పొట్లం తీశాడు. విత్తు పలచగా పడాలని నువ్వుల్లో ఇసుక కలిపి కట్టిన పొట్లం. విప్పితే లోపల రాజముద్ర, నాలుగు హద్దులు, మనఃపూర్వక సమ్మతి. తెల్లమచ్చ మీద నువ్వులు కుప్పగా ఉన్నాయి.

ముత్యాలు కుడిచేతిలో పిల్ల పాలు తాగుతోంది. "అయ్యా, కాసేపు దీన్ని పట్టుకో," అంది.

"దించకు."

"ఎడంచేత్తో ఇత్తకూడదమ్మా, అరిష్టం," అన్నాడు గట్టు మీద ఎవరో ముసలాయన.

"ఎడంచేత్తోనే ఎయ్యి," అన్నాడు గవరయ్య.

సూరీడమ్మ ఆ ముసలాయన కేసి చూసిన చూపుకి ఆయన రెండో మాట అనలేదు.

ముత్యాలు ఎడమచెయ్యి చాపింది. గవరయ్య కాగితం వంచి ఆ చేతిలోకి నువ్వులు పోశాడు. ఆమె చేలో నాలుగడుగులు నడిచి, చెయ్యి విసిరి చల్లింది. పిల్ల పాలు వదల్లేదు.

"నీ సెయ్యి సల్లగుండ," అన్నాడు గవరయ్య. పెద్దగా అనలేదు. కూతురు వెనక్కి తిరిగి చూసింది, తననే అన్నాడనుకుని. అతను కాగితాన్ని మడత పెట్టుకుంటున్నాడు, తెల్లమచ్చ లోపలికి వచ్చేలా.